నాలుగు ట్యాబుల్లో నాలుగు కుటుంబాలు

పోయిన ఏడాది పరీక్షల ముందు ఒక సాయంత్రం హనుమకొండలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, సోషియాలజీ చదువుతోంది, ఊరు పరకాల దగ్గర. కూర్చోకముందే ఫోన్ నా చేతిలో పెట్టి, "సార్, కుటుంబం అంటే ఏందో ఇండ్ల ఏది రాయాలె?" అంది.

ఫోన్లో నాలుగు ట్యాబులు తెరిచి ఉన్నాయి. మొదటిది ఇంగ్లండ్ పిల్లల నోట్సు. కుటుంబం గురించి ఫంక్షనలిస్టులు (సమాజంలో ప్రతిదానికీ ఒక పని ఉంటుందనేవాళ్లు) ఏమంటారు, మార్క్సిస్టులు ఏమంటారు, ఫెమినిస్టులు ఏమంటారు అని ముగ్గురి వాదనా వరసగా ఉంది. రెండోది అమెరికా పాఠ్యపుస్తకం. పెళ్లి లేకుండా కలిసి ఉండేవాళ్లు, పిల్లల్ని ఒక్కతే పెంచే తల్లి, విడాకుల తర్వాత మళ్లీ పెళ్లితో కలిసిన ఇళ్లు, ఇవన్నీ అందులో ఉన్నాయి. మూడోది తెలుగు పీడీఎఫ్, ఎవరో గ్రూప్-2 కోసం చేసుకున్నది. కుటుంబం లక్షణాలు, రకాలు, విధులు అన్నీ నంబర్లు వేసి ఉన్నాయి. నాలుగోది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. అది నిర్వచనం దగ్గర ఎక్కువసేపు ఆగకుండా, మగవాళ్లు పట్నం పోతే ఆడవాళ్లే వ్యవసాయం చూసుకుంటూ ఇంటి పెద్దలయ్యే సంగతి మాట్లాడుతోంది.

"నాలుగూ కరెక్టేనా సార్? కరెక్టయితే నాలుగు తీర్ల ఎందుకున్నయ్?"

మంచి ప్రశ్న. నన్నడిగితే ఇంటర్ సోషియాలజీలో రెండు మార్కుల ప్రశ్నలన్నిటికన్నా ఇదే మంచి ప్రశ్న.

ఇంటర్‌లో సోషియాలజీ చెప్పే కాలేజీ మన వైపు వెతుక్కుంటే గాని దొరకదు. ఎంపీసీ, బైపీసీల హోరులో సీఈసీ, హెచ్ఈసీలే ఒక మూలకు జరిగిపోయాయి, ఇక సోషియాలజీ సంగతి చెప్పేదేముంది. ట్యూషన్ ఉండదు, పక్కింటి అన్నో అక్కో చదివి ఉండరు. కాబట్టి పిల్లలు ఫోన్ పట్టుకుంటారు. చెప్పే సార్లదీ, మేడమ్‌లదీ దాదాపు అదే దారి. సరుకు బోలెడంత దొరుకుతుంది. దాంట్లో ఏ పేజీ ఎవరి కోసం రాశారో చూడకుండా చదవడం దగ్గరే చిక్కు వస్తుంది. ఆ అమ్మాయి నాలుగు ట్యాబులూ నాలుగు వేరువేరు పరీక్షల కోసం పుట్టినవి. పరీక్షను బట్టి రాత మారింది, రాతను బట్టి కుటుంబమే మారినట్టు కనిపించింది.

ఇంగ్లండ్ నోట్సుతో మొదలుపెడదాం. అక్కడ పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు ఏ-లెవెల్ అని చదువుతారు. వయసు లెక్కన మన ఇంటర్ అనుకోవచ్చు. అక్కడ సోషియాలజీకి గిరాకీ ఎక్కువ, అందుకే నెట్‌లో దాని సామాగ్రి కుప్పలుగా ఉంది. ఏక్యూఏ అనే బోర్డులో మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, 80 మార్కులు. ఆ పరీక్షలో ఒక వాదన చెప్పాలి, దానికి ఎదురు వాదన చెప్పాలి, చివరికి ఏది నిలబడుతుందో తేల్చాలి. కాబట్టి నోట్సు కూడా వాదులాటలాగే ఉంటుంది. వాదించడం నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. మన పిల్లలకు లేనిదీ ఆ అలవాటే.

ఇబ్బంది ఉదాహరణలతో వస్తుంది. ఒకబ్బాయి పేదరికం, చదువు మీద జవాబు రాస్తూ "ఉచిత భోజనం తినే పిల్లలకు మార్కులు తక్కువ వస్తాయి" అని రాశాడు. ఎక్కడ చూశావురా అంటే ఇంగ్లండ్ నోట్సులో అన్నాడు. అక్కడ పై తరగతుల్లో ఉచిత భోజనం తల్లిదండ్రుల ఆదాయం తక్కువగా ఉన్న పిల్లలకే దొరుకుతుంది. కాబట్టి పరిశోధకులు దాన్ని పేదరికానికి గుర్తుగా వాడతారు. మన సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం అందరికీ పెడతారు. ఇక్కడ అన్నం తిన్నంత మాత్రాన ఎవరు పేదో తెలియదు. మాట ఒకటే, కొలత వేరు. వాడు తప్పు చేశాడని మార్కులు తగ్గించాను గానీ, ఆ తప్పు మీద తర్వాత ఒక పీరియడంతా పాఠం చెప్పాను. అంత మంచి తప్పు రోజూ దొరకదు.

అమెరికా సరుకులో రెండు పనికొస్తాయి. ఒకటి రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ పుస్తకం. 2012లో మొదట వచ్చింది, మూడో కూర్పు 2021లో. పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. రెండోది క్రాష్ కోర్స్ వీడియోలు, మొత్తం 44, ఒక్కోటి పది నిమిషాల అటూ ఇటూ. అంతస్తు, పాత్ర, సాంఘీకరణ లాంటి మూల భావాలు వీటిలో శుభ్రంగా అర్థమవుతాయి. ఆ వీడియోల్లో పాఠం చెప్పే ఆమె వేగానికి మాత్రం మన పిల్లలు వీడియోను ముప్పావు స్పీడులో పెట్టుకుంటారు. స్తరీకరణ, అంటే సమాజంలో పై మెట్టు కింది మెట్టు అనే పాఠం దగ్గరికి వచ్చేసరికి అక్కడంతా జాతి, రంగు. కులం ఒక మూలన ఒక ఉదాహరణగా వచ్చి పోతుంది. మనకు అదే అసలు పాఠం.

ఎన్‌సీఈఆర్‌టీకి పదకొండులో రెండు పుస్తకాలు, పన్నెండులో రెండు. ఇంగ్లిష్, హిందీ, ఉర్దూల్లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగులో లేవు. నాకు వీటి మీద పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. పదకొండో తరగతి పుస్తకం "కష్టపడి చదివితే బాగుపడతావు" అని పెద్దలు చెప్పే సలహాతో మొదలై, ఆ సలహా ఎంతవరకు నిజమని నిదానంగా విప్పుతుంది. ఎంత కష్టపడ్డా ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి, ఎవరికి ఏ బడి దొరికింది, ఇంట్లో వెనక ఎవరున్నారు అనేవి కూడా లెక్కలోకి వస్తాయి కదా. పన్నెండోది ఇంకో మంచి మాటతో మొదలవుతుంది: ఈ సబ్జెక్టును ఎవరూ సున్నా నుంచి మొదలుపెట్టరు, సమాజం గురించి అందరికీ ముందే ఏదో ఒకటి తెలిసి ఉంటుంది, సాయమూ అదే, అడ్డంకీ అదే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 2022లో ఈ పుస్తకాల్లో కొన్ని భాగాలు తీసేశారు. వాట్సాప్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌కూ, ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఉన్నదానికీ తేడా ఉంటుంది. సీబీఎస్ఈ పిల్లలు కొత్తదే చూసుకోవాలి. తెలుసుకోవాలనుకునేవాళ్లు పాతది దాచుకుంటే నష్టమేం లేదు.

ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ వాళ్ల ప్లస్ టూ సోషియాలజీ, కోర్సు నంబరు 331, ఇంకా తేలిగ్గా ఉంటుంది. సొంతంగా చదువుకునేవాళ్ల కోసం రాసింది కాబట్టి పాఠం మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతుంది. ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ పాఠాల భాండారం ఈజ్ఞానకోశ్ 2005 నుంచి ఉంది. అది డిగ్రీ స్థాయి, ఇంటర్ పిల్లలకు బరువు. పాఠం చెప్పబోయే ముందు రాత్రి టీచరు చదువుకోవడానికి మాత్రం దానంత ఆసరా లేదు.

ఇక తెలుగులో దొరికేది. యూట్యూబ్‌లో, పీడీఎఫ్‌ల్లో తెలుగు సోషియాలజీలో చాలా భాగం గ్రూప్స్ కోసం తయారైంది. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్లో సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రజా విధానాలు అని ఒక భాగం ఉంది. వెట్టి, జోగిని, ఫ్లోరోసిస్, వలసలు, రైతుల చేనేతల కష్టాలు పేరుపేరునా ఆ సిలబస్‌లో ఉన్నాయి. మన నేల గురించి ఇంతగా మాట్లాడే సామాగ్రి ఇంకెక్కడా లేదు, అది దాని గొప్ప. కానీ ఆ పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకదాని మీద టిక్కు పెట్టాలి. కాబట్టి ఏ మాట ఎవరన్నారు, ఏ చట్టం ఏ ఏడు వచ్చింది అన్నంతవరకే ఉంటుంది. ఎందుకు, ఎలా అన్నది ఉండదు. పది మార్కుల ప్రశ్నకు ఆ నోట్సు పెట్టి రాస్తే జవాబు కిరాణా చిట్టీలా తయారవుతుంది. ప్రభుత్వ టీ-శాట్ విద్య, నిపుణ చానెళ్ల పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, ఇంటర్‌కూ పోటీ పరీక్షలకూ వేరువేరుగా చెప్పారు. చూసేముందు అది ఏ పరీక్ష పాఠమో టైటిల్‌లో చదువుకుంటే సగం గందరగోళం పోతుంది.

మాటలతో వచ్చే చిక్కు

సోషియాలజీని సమాజశాస్త్రం అంటాం. బడిలో చదివిన సోషల్‌ను సాంఘిక శాస్త్రం అంటాం. ఈ మధ్య కొన్ని చోట్ల దాన్నే సామాజిక శాస్త్రం అంటున్నారు. తెలుగులో వెతికితే ఫోన్‌కు ఈ మూడూ ఒకటే. కులం గురించి అడిగితే పదో తరగతి భూగోళం తెచ్చి ముందర పెడుతుంది. అందుకే నేను పిల్లలకు తెలుగు లిపిలోనే "సోషియాలజీ" అని కొట్టి, పక్కన పాఠం పేరు పెట్టమంటాను.

ఇంతకన్నా లోతుగా కోసే మాట సంస్కృతీకరణ. ఇది సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ భావన, కొడగు ప్రాంతం మీద 1952లో ఆయన ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. కింది మెట్టు మీద ఉన్న కులం పై కులం ఆచారాలను, పూజలను, తిండి నియమాలను అందుకుని ఒకటి రెండు తరాల్లో పై మెట్టుకు ఎక్కాలని చూడటం. ఇందులో మాట వచ్చింది సంస్కృతం నుంచి. కానీ తెలుగులో చదివిన పిల్లలకు చెవిన పడేది సంస్కృతి. "సంస్కృతి నేర్చుకోవడమే సంస్కృతీకరణ" అని రాసిన జవాబులు ఎన్ని దిద్దానో లెక్క లేదు. అది ఇంచుమించు సాంఘీకరణ అవుతుంది, వేరే పాఠం. ఇంగ్లిష్‌లో సాంస్క్రిట్, కల్చర్ అనే రెండు మాటలకూ పోలికే లేదు కాబట్టి ఏ విదేశీ వీడియో చూసినా ఈ పొరపాటు బయటపడదు. తెలుగులో చెప్పే మనమే విడమరచాలి.

అలాగే వర్గం. పుస్తకంలో వర్గం అంటే ఆస్తిని, సంపాదనను బట్టి ఉండే మెట్టు. న్యూస్ పేపర్లో వర్గం అంటే ఫలానా ఎమ్మెల్యే వర్గం. మధ్యతరగతి అన్నప్పుడు అదే భావానికి తరగతి వచ్చి కూర్చుంటుంది. ఫోన్ అనువాదానికి వదిలేస్తే వర్గపోరాటం కాస్తా తరగతిలో పోట్లాట అయిపోతుంది.

ఇంగ్లిష్‌కే ఇబ్బందై మనకు సుళువైన చోటు ఒకటుంది, బంధుత్వం. అంకుల్, కజిన్ అనే రెండు మాటలతో నెట్టుకొచ్చేవాళ్లకు మేనరికం అర్థం కావాలంటే గీతలు, త్రికోణాలు, గుండ్రాలు వేసి పది నిమిషాలు చెప్పాలి. మన పిల్లకు చిన్నాయిన కొడుకు తమ్ముడని, మేనమామ కొడుకు బావ అని నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. ఆ వీడియో చూపించేముందు నేను పిల్లలతో వాళ్ల ఇంటి వరుసలు బోర్డు మీద వేయిస్తాను. మగవాళ్లకు త్రికోణం, ఆడవాళ్లకు గుండ్రం, పెళ్లికి రెండు గీతలు. ఎవరిని చేసుకోవచ్చో, ఎవరు వావి కాదో గీతలే చెబుతాయి. ఒకసారి ఒకడు వేసిన బొమ్మలో బాబాయి, మామ ఒకే మనిషి అయ్యాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికి పోయి అడిగితే నిజమేనట, రెండు వైపుల నుంచి చుట్టరికం.

లెక్కలు వెతికేవాళ్లకు

జవాబులో ఒక స్థానిక లెక్క ఉంటే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు. లెక్కలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి: సెన్సస్ వెబ్‌సైట్‌లో 2011 జిల్లా పుస్తకాలు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ల జిల్లా షీట్లు. కానీ మన వైపు జిల్లా అన్నదే కుదురుగా నిలబడదు.

ఆ అమ్మాయి పరకాలనే తీసుకోండి. 2011 సెన్సస్‌లో పరకాల పాత వరంగల్ జిల్లాలో ఉంది, జిల్లా జనాభా 35 లక్షల పైచిలుకు. 2016 అక్టోబర్ 11న ఆ జిల్లాను ముక్కలు చేసినప్పుడు వరంగల్ రూరల్‌లోకి వెళ్లింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. అప్పుడే పరకాల హనుమకొండ జిల్లాకు వచ్చింది. కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మన రాష్ట్రంలో 2019లో జరిగింది, అందులో హనుమకొండ అనే పేరే ఉండదు. హనుమకొండ అంటే పాత అర్బనే కదా అని అర్బన్ షీటు తీస్తే అందులో పరకాల లేదు. రూరల్ షీటు తీయాలి. కమలాపూర్, ఎల్కతుర్తి వాళ్లయితే 2011 లెక్క కోసం కరీంనగర్ పుస్తకం తెరవాలి. ఇదంతా తెలియక పిల్లలు పక్క జిల్లా అంకెలు రాసి సంబరపడుతుంటారు. నేనూ ఒకసారి రాశాను.

షీటులో ఏం చూడాలో కూడా చెప్పాలి. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఎందరు అనే వరుస ఒకటి ఉంటుంది. ఆ విడతలో తెలంగాణకు అది 23.5 శాతం, దేశానికి 23.3. వివాహం పాఠంలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, తర్వాత సొంత జిల్లా అంకె కలిపితే పది నిమిషాల చర్చ దానంతట అదే నడుస్తుంది.

నాకు బాగా నచ్చిన లెక్క మాత్రం ఇంకొకటి. 2011 సెన్సస్ ప్రకారం తెలంగాణలో ఇళ్లు, అంటే కుటుంబాలు, 83 లక్షలు. మూడేళ్ల తర్వాత 2014 ఆగస్టు 19న ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే చేస్తే కోటి దాటాయి. జనాభా అంతగా పెరగలేదు. మరి కుటుంబాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

సెన్సస్ దృష్టిలో కలిసి ఉంటూ ఒకే వంటింట్లో వండింది తినేవాళ్లు ఒక ఇల్లు. పొయ్యిని బట్టి లెక్క. ప్రభుత్వ పథకాలు మాత్రం ఇంటికి ఒక పింఛను, ఇంటికి ఒక కార్డు అంటాయి. పెళ్లయిన ఇద్దరు కొడుకులున్న ఇంట్లో ఆ రోజు గడప ముందు నిలబడ్డ ఎన్యూమరేటరుకు మేం మూడు కుటుంబాలమని చెబితే ఎవరు కాదంటారు? అబద్ధం కూడా కాదది. పండుగకు ఒక్కటి, రేషన్‌కు మూడు. కోటి వెనక ఇదొక్కటే కారణమని అనను గానీ, దీన్ని పక్కన పెట్టి ఆ అంకెను అర్థం చేసుకోవడం కష్టం. ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నం అవుతోందని అన్ని పుస్తకాలూ రాస్తాయి. లెక్కపెట్టే తీరు కూడా కుటుంబాన్ని విడగొడుతుందని ఏ పీడీఎఫ్‌లోనూ నాకు కనబడలేదు.

తేలిగ్గా దొరికే గనులు

పిల్లలకు చూపించదగ్గవి ఇంకో మూడున్నాయి. పల్లె జీవితాల మీద కథనాలు, ఫొటోలు పోగుచేసే పారి వెబ్‌సైట్ ఒకటి, జర్నలిస్టు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టింది. తెలుగులో కూడా చదవొచ్చు. పాఠంలో శ్రమ అని ఒక్క మాటలో పోయేది అక్కడ ఒక మనిషిగా కనిపిస్తుంది. రెండోది అంబేద్కర్ 1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో చదివిన కులాల మీది వ్యాసం. ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే పూర్తిగా ఉంది. తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడమే కులానికి ప్రాణమని ఇరవై అయిదేళ్ల విద్యార్థి ఎలా రుజువు చేశాడో చూస్తే, అంతర్వివాహం నిర్వచనం బట్టీ పట్టక్కర్లేదు. ఇంగ్లిష్ కాస్త గట్టిదే, టీచరు పక్కన కూర్చోవాలి.

మూడోది మన ఆదిలాబాద్‌ది. 1940లో కొమురం భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండులను అధ్యయనం చేశాడు. అప్పటి ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టింది. క్షేత్ర పరిశోధన పాఠం చెప్పేటప్పుడు ఇవి చూపిస్తాను. ఒక ఫొటో పెట్టి, ఇది తీసినవాడు ఎక్కడ నిలబడి ఉంటాడు, అతన్ని ఎవరు పంపారు, ఫొటోలో ఉన్నవాళ్లు అతన్ని ఏమనుకుని ఉంటారు అని అడుగుతాను. పరిశోధకుడి స్థానం అనే కష్టమైన మాట నోట రాకుండానే పాఠం అయిపోతుంది.

చాట్‌బాట్‌ల సంగతి రెండు ముక్కల్లో. భావం అర్థం కాకపోతే విడమరిచి చెప్పించుకోవడానికి పనికొస్తాయి. ఆధారం అడగకూడదు. వరంగల్ పల్లెల మీద ఒక అధ్యయనం చెప్పమంటే రచయిత పేరుతో, సంవత్సరంతో సహా పుస్తకం చెప్పింది. మూడు రోజులు వెతికాను. అలాంటి పుస్తకమే లేదు. తెలంగాణ పల్లె మీద నిజంగా ఉన్న పేరుమోసిన అధ్యయనం, హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద 1955లో వచ్చిన ఎస్.సి. దూబే పుస్తకం, దానికి గుర్తే రాలేదు.

ప్రాజెక్టులకు ఇంటర్నెట్ కన్నా వరంగల్ ఏనుమాముల మార్కెట్ మేలని నా అభిప్రాయం. సీబీఎస్ఈలో ప్రాజెక్టుకు 20 మార్కులున్నాయి, మన దగ్గర అడగకపోయినా చేయించొచ్చు. మిర్చి సీజన్‌లో ఒక పూట అక్కడ నిలబడితే శ్రమ విభజన కళ్లముందే నడుస్తుంది. బస్తా దించేది హమాలీ, కాంటా చూసేది దడువాయి, అమ్మించేది అడ్తిదారు, రాలిన కాయలు ఎత్తేది చాట కూలీ. ఇందులో ఆడవాళ్లు ఏ పనిలో ఉన్నారు, ఏ పనిలో లేరు అని రాసుకురమ్మంటే చాలు. జెండర్ పాఠం మీద వచ్చిన వీడియోలన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ రోజు ఆ అమ్మాయికి నాలుగు ట్యాబులూ ఉంచమనే చెప్పాను. నిర్వచనం మన తెలుగు పాఠ్యపుస్తకంలోదే రాయమన్నాను, మార్కులు వేసేవాళ్ల చేతిలో ఉండేది అదే కాబట్టి. ఇంగ్లండ్ నోట్సు నుంచి వాదన ఒకటి, వలస సంగతి ఎన్‌సీఈఆర్‌టీ నుంచి, లెక్క రూరల్ షీటు నుంచి తీసుకోమన్నాను. రాసుకుంటూ మధ్యలో ఆగింది.

"సార్, మా ఇంట్ల నాయినమ్మకు, మాకు పొయ్యిలు వేరు. కూరలు మాత్రం ఇటు అటు పోతనే ఉంటయ్. మాది ఒక కుటుంబమా, రెండా?"

"మీ నాయినమ్మ ఏమంటది?"

"రెండంటే కొడ్తది."

సెన్సస్ లెక్కలో రెండు, నాయినమ్మ లెక్కలో ఒకటి అని రాసి, ఆ తేడా ఎందుకొచ్చిందో నాలుగు ముక్కలు రాయమన్నాను. మర్నాడు అయిదు పేజీలు రాసుకొచ్చింది. పది మార్కులకు అంత అక్కర్లేదని రెండు పేజీలు కొట్టేయించాను. కూరల ముక్క మాత్రం ఉంచాను.